చిన్న ఆసుపత్రిలో శస్త్రచికిత్స పరికరాల స్టెరిలైజేషన్: సింకు నుంచి రికార్డు పుస్తకం వరకు

30, 40 పడకల ఆసుపత్రుల్లో పరికరాల స్టెరిలైజేషన్‌కు (సూక్ష్మజీవులేవీ మిగలకుండా చేయడానికి) ప్రత్యేక విభాగం సాధారణంగా ఉండదు. ఆపరేషన్ థియేటర్‌ను ఆనుకుని ఉన్న గదిలో ఒక సింకు, ఒక ఆటోక్లేవ్ (ఒత్తిడిలో ఉంచిన ఆవిరితో స్టెరైల్ చేసే యంత్రం), రెండు బీరువాలు ఉంటాయి. సిజేరియన్ సెట్టు (ఒక ఆపరేషన్‌కు కావలసిన పరికరాలన్నీ కలిపిన ట్రే) మొదలుకొని హెర్నియా సెట్టు వరకు అన్నింటినీ ఒక స్టాఫ్ నర్సు, ఒక థియేటర్ అసిస్టెంటు కలిసి చూసుకుంటారు. ఈ వ్యాసం ఆ గదిలో పనిచేసేవారి కోసం, ఆ గదిపై బాధ్యత ఉన్న డాక్టర్ల కోసం రాసినది. ఆపరేషన్ గాయం చీము పట్టినప్పుడు అందరి అనుమానమూ మొదట ఆటోక్లేవ్ మీదికే పోతుంది. యంత్రం తలుపు మూయకముందు జరిగే పనిని, తెరిచిన తర్వాత జరిగే పనిని మాత్రం ఎవరూ అంతగా పట్టించుకోరు. సరిగా కడగని పరికరాన్ని ఎంత ఖరీదైన యంత్రమైనా స్టెరైల్ చేయలేదన్న సంగతి మనసులో పెట్టుకుంటే, కింద చెప్పబోయే నియమాల్లో చాలావాటికి కారణం వేరుగా వివరించనక్కర్లేదు.

ఏ పరికరానికి ఏ స్థాయి శుద్ధి అవసరం

ఎర్ల్ స్పాల్డింగ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త గత శతాబ్దంలో ప్రతిపాదించిన వర్గీకరణనే ప్రపంచమంతటా ఇప్పటికీ అనుసరిస్తున్నారు. చర్మాన్ని కోసుకుని లోపలికి వెళ్లేవి, రక్తనాళాలను గానీ శరీరంలోని స్టెరైల్ భాగాలను గానీ తాకేవి మొదటి వర్గం. వీటిపై ఒక్క స్పోరు (కొన్ని బాక్టీరియా వేడిని, మందులను తట్టుకోవడానికి తాల్చే గట్టి రూపం) కూడా మిగలకూడదు కనుక వీటికి స్టెరిలైజేషన్ తప్పనిసరి. లారింగోస్కోప్ బ్లేడు, ఎండోస్కోపు వంటివి శ్లేష్మపొరలను (నోరు, పేగుల వంటి వాటి లోపలి తడి పొరలను) మాత్రమే తాకుతాయి కాబట్టి వాటికి కనీసం ఉన్నత స్థాయి డిస్ఇన్ఫెక్షన్, అంటే స్పోర్లు తప్ప మిగతా సూక్ష్మజీవులను చంపే శుద్ధి, కావాలి. బీపీ కఫ్, స్టెతస్కోప్ వంటివి చెక్కుచెదరని చర్మాన్ని తాకేవి కాబట్టి శుభ్రం చేసి తుడిస్తే సరిపోతుంది. ఒక పరికరం ఏ వర్గానికి చెందుతుందో నిర్ణయించేది దాని ధర కాదు, అది వెళ్లే చోటు. ఈ మాట చెప్పవలసి రావడానికి కారణం లాపరోస్కోపు, అంటే చిన్న రంధ్రంలోంచి పొట్ట లోపల చూసే గొట్టపు పరికరం. దాని సంగతి తర్వాత చూద్దాం.

కొన్ని పాత అలవాట్లను ఇక్కడే పక్కన పెట్టేయవచ్చు. నీళ్లలో 20 నిమిషాలు మరిగించినా స్పోర్లు చావవు. స్పిరిట్‌లో ముంచడం స్టెరిలైజేషన్ కాదు. ఫార్మలిన్ మాత్రలు వేసిన గాజు పెట్టెలో పరికరాలను దాచడం నమ్మదగిన పద్ధతి కాదు సరికదా, వాటి నుంచి వెలువడే ఫార్మాల్డిహైడ్ మనుషుల్లో క్యాన్సర్ కలిగించే పదార్థంగా గుర్తింపు పొందినది. సావ్లాన్ పోసిన సీసాలో రోజుల తరబడి నిలబెట్టి ఉంచే చీటిల్ ఫోర్సెప్స్ (స్టెరైల్ వస్తువులను అందుకునే పొడవాటి పటకారు) కూడా ఈ జాబితాలోనిదే.

ఆపరేషన్ జరుగుతుండగానే మొదలయ్యే పని

రక్తం ఆరిపోయిన కొద్దీ ఉక్కును గట్టిగా పట్టుకుంటుంది. దాని కింద చేరిన సూక్ష్మజీవుల దగ్గరికి ఆవిరి వెళ్లలేదు. అందువల్ల స్క్రబ్ నర్సు (సర్జన్‌కు పరికరాలు అందించే నర్సు) ఆపరేషన్ మధ్యలోనే, వాడి పక్కన పెట్టిన పరికరాలను స్టెరైల్ నీటిలో తడిపిన గాజుగుడ్డతో తుడుస్తూ ఉండాలి, సక్షన్ గొట్టాల్లోంచి అదే నీటిని లాగిస్తూ ఉండాలి. ఈ పనికి సెలైన్ వాడకూడదు. అందులోని క్లోరైడ్ స్టెయిన్‌లెస్ స్టీలుపై కంటికి ఆనని గుంతలు పెడుతుంది, తరువాతి రోజుల్లో తుప్పు మొదలయ్యేదీ రక్తం దాక్కునేదీ ఆ గుంతల్లోనే. ఆపరేషన్ ముగియగానే బ్లేడ్లు, సూదులు తీసివేసి పంక్చర్ కాని డబ్బాలో వేయాలి. మిగిలిన వాటిని తడి గుడ్డ కప్పి, మూత ఉన్న పెట్టెలో పెట్టి కడిగే చోటికి తీసుకువెళ్లాలి. సెట్టులో వాడని పరికరాలు ఉన్నా, ట్రే తెరిచారంటే అవన్నీ వాడినట్టే లెక్క.

వాడిన వెంటనే పరికరాలను 0.5 శాతం క్లోరిన్ ద్రావణంలో 10 నిమిషాలు నానబెట్టాలన్న సూచన మన ప్రసూతి గదుల గోడల మీద ఏళ్ల తరబడి కనిపిస్తూ వచ్చింది. కడిగేవారికి రక్షణగా ఉంటుందన్నది దాని వెనుక ఉద్దేశం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో వెలువరించిన మార్గదర్శకం మాత్రం కడగడానికి ముందు ఇలా నానబెట్టడాన్ని సిఫారసు చేయలేదు. క్లోరిన్ ఉక్కును తినేస్తుంది, రక్తం తగలగానే తన శక్తిని చాలావరకు కోల్పోతుంది, ద్రావణంతో సహా మోసుకెళ్లేటప్పుడు ఒలికి మనుషుల మీద పడుతుంది అన్నవి అందుకు చూపిన కారణాల్లో కొన్ని. కడిగేవారి రక్షణ అన్నది నిజమైన ప్రశ్నే. అయితే దానికి జవాబు మందమైన రబ్బరు చేతితొడుగులు, ప్లాస్టిక్ ఏప్రాన్, ముఖాన్ని కప్పే షీల్డు, 0, 1, 6 నెలల్లో మూడు డోసుల హెపటైటిస్ బి టీకా. కడిగే పని చేసేది కాంట్రాక్టు ఉద్యోగి అయినా టీకా వేయించవలసిన బాధ్యత ఆసుపత్రిదే.

కడగడం

ఈ మొత్తం ప్రక్రియలో ఎక్కువ సమయం, ఎక్కువ శ్రద్ధ కోరేది ఈ దశే. జీతం తక్కువ, శిక్షణ ఇంకా తక్కువ ఉన్న మనిషికి అప్పగించేదీ ఈ దశనే.

ఒకే సింకులో అన్నీ కాకుండా వరుసగా మూడు తొట్లు ఏర్పాటు చేసుకోవాలి. మొదటి తొట్టిలో ఎంజైమ్ డిటర్జెంట్ కలిపిన గోరువెచ్చని నీళ్లు ఉంటాయి. ఎంత కలపాలో, ఎన్ని నిమిషాలు నానబెట్టాలో సీసా మీద రాసి ఉంటుంది. చేతి అంచనాతో పోయకుండా కొలపాత్ర వాడాలి. నీళ్లు 40 డిగ్రీల సెల్సియస్ దాటకుండా చూడాలి. వేడి నీళ్లయితే బాగా వదులుతుందనుకోవడం పొరపాటు, ఎందుకంటే అధిక వేడికి రక్తంలోని ప్రోటీన్లు గడ్డకట్టి ఉక్కుకు అతుక్కుంటాయి, ఎంజైమ్ కూడా పనిచేయకుండా పోతుంది. విడదీయగల పరికరాలన్నీ విడదీసి, కత్తెరలు, ఆర్టరీ ఫోర్సెప్స్, నీడిల్ హోల్డర్ల వంటి కీలున్న వాటిని పూర్తిగా తెరిచి నానబెట్టాలి. ఈ నీళ్లను ఒక సెట్టు తర్వాత మరో సెట్టుకు వాడకుండా పారబోయాలి. పొదుపు కోసం రోజంతా అదే నీటిని ఉంచితే రెండో సెట్టును మొదటి సెట్టు రక్తంలో కడిగినట్టవుతుంది.

నానిన తర్వాత మెత్తని నైలాన్ బ్రష్షుతో, నీటి మట్టానికి కిందనే ఉంచి రుద్దాలి. కుళాయి ధార కింద రుద్దితే తుంపరలు కళ్లలోకి, నోట్లోకి ఎగురుతాయి. గిన్నెలు తోమే ఇనుప పీచు గానీ, బట్టల సబ్బు పొడి గానీ ఇక్కడికి రాకూడదు. మొదటిది గీతలు పెడుతుంది, రెండోది పూర్తిగా వదలని పొరను మిగులుస్తుంది. కంటి ఆపరేషన్ పరికరాల్లో ఇలా మిగిలిన డిటర్జెంట్ శుక్లాల ఆపరేషన్ తర్వాత కంటి ముందుభాగంలో తీవ్రమైన వాపు కలిగించగలదు, అది ఇన్ఫెక్షన్ కాకపోయినా అచ్చం అలాగే భయపెడుతుంది. రుద్దేటప్పుడు ప్రత్యేకంగా చూడవలసిన చోట్లు ఇవి: రెండు పిడులు కలిసే కీలు, దవడల లోపలి గాళ్లు, పట్టును బిగించి ఉంచే ర్యాచెట్ పళ్లు, సక్షన్ కొనలు, (లాపరోస్కోపీలో పొట్టలోకి దారి చేసే) ట్రోకార్ వాల్వులు, (పొట్టలోకి గ్యాస్ పంపే) వెరెస్ సూది లోపలి గొట్టం. గొట్టపు పరికరాలకు ఆ రంధ్రానికి సరిపోయే వ్యాసం ఉన్న బ్రష్షు అవసరం. మరీ సన్నదైతే గోడలను తాకదు, మరీ లావైతే దూరదు. అటు చివర నుంచి బ్రష్షు బయటికి వచ్చే వరకు దూర్చి, సిరంజితో నీళ్లు కొట్టి, వచ్చే నీళ్లు తేటగా ఉన్నాయో లేదో చూడాలి.

రెండో తొట్టిలో మామూలు నీటితో, మూడో తొట్టిలో ఆర్‌వో నీటితో గానీ డిస్టిల్డ్ నీటితో గానీ జాడించాలి. మన ప్రాంతంలో చాలా ఆసుపత్రులు బోరు నీటి మీద ఆధారపడినవే. ఆ నీటిలోని లవణాలు ఆరిన తర్వాత తెల్లటి పొరగా మిగిలి, ఆటోక్లేవ్ వేడికి గట్టిపడి, కీళ్లను బిగుసుకుపోయేలా చేస్తాయి. సర్జన్లు నీడిల్ హోల్డర్ పట్టుకోవడం లేదని విసుక్కునే సందర్భాల్లో కొన్నింటికి కారణం పాత పరికరం కాదు, చివరి జాడింపుకు వాడిన బోరు నీరు.

అల్ట్రాసోనిక్ క్లీనర్ ఉంటే మంచిదే, కీళ్లలోనూ గాళ్లలోనూ చెయ్యి చేరని మురికిని అది వదిలిస్తుంది. కానీ పైపై రక్తాన్ని ముందుగా చేతితో కడిగిన తర్వాతే పరికరాలను అందులో వేయాలి. లెన్సులున్న స్కోపులను వేయకూడదు. అది నిజంగా పనిచేస్తోందో లేదో తెలుసుకోవడానికి వంటింట్లో వాడే పల్చటి అల్యూమినియం రేకును కొద్దిసేపు నీటిలో వేలాడదీస్తే చాలు. రేకంతటా సమానంగా చిల్లులు, గుంతలు పడితే యంత్రం బాగున్నట్టు.

ఆరబెట్టడం, పరీక్షించడం, సెట్టు వేయడం

దూది, దారాలు రాలని శుభ్రమైన గుడ్డతో తుడిచి, గొట్టాల్లోకి గాలి కొట్టి ఆరబెట్టిన తర్వాత, మంచి వెలుతురులో భూతద్దపు దీపం కింద ఒక్కొక్కటిగా చూడాలి. అనుమానం ఉన్న కీలు మీద ఒక చుక్క హైడ్రోజన్ పెరాక్సైడ్ వేస్తే, రక్తం మిగిలి ఉన్నట్లయితే నురగ వస్తుంది. అప్పుడు దానిని మళ్లీ మొదటి తొట్టికి పంపాలి. ఏమీ రాకపోయినా నీటితో జాడించి ఆరబెట్టాలి. కత్తెర గాజుగుడ్డను కొన వరకు చిక్కుపడకుండా కత్తిరించాలి. ఆర్టరీ ఫోర్సెప్స్ కొనలు సందు లేకుండా కలవాలి. తుప్పు పట్టినవి, పైపూత లేచినవి సెట్టులోకి వెళ్లకూడదు, ఒకదాని తుప్పు పక్కదానికి అంటుతుంది. కీళ్లకు నీటిలో కరిగే పరికరాల లూబ్రికెంట్ మాత్రమే వాడాలి. కుట్టుమిషన్ నూనె, లిక్విడ్ పారాఫిన్ ఆవిరిని అడ్డుకుంటాయి కనుక వాటి కింద ఉన్న సూక్ష్మజీవులకు అవి రక్షణ కల్పిస్తాయి.

సెట్టు వేసేటప్పుడు బరువైనవి కింద, సున్నితమైనవి పైన ఉండాలి. కీలున్నవన్నీ తెరిచి ఉండాలి, ర్యాచెట్‌ను చివరి పన్ను వరకు బిగించి ఆటోక్లేవ్‌లో పెడితే దవడల మధ్యకు ఆవిరి చేరదు, వేడికి కీలు పగులుతుంది కూడా. గిన్నెలు ఒకదానిలో ఒకటి పెట్టవలసి వస్తే మధ్యలో గుడ్డ వేయాలి. ట్రేలోని పరికరాల సంఖ్య రాసిన చీటీ, ఆవిరి చేరితే రంగు మారే లోపలి కెమికల్ ఇండికేటర్ ట్రే మధ్యలో ఉంచాలి. ఆవిరికి అన్నిటికంటే కష్టమైన చోటు అదే కాబట్టి ఇండికేటర్‌ను మూత కిందనే పెట్టడం వల్ల ప్రయోజనం లేదు.

చుట్టడానికి రెండు పొరలు కావాలి. నూలు గుడ్డ అయితే ప్రతిసారీ ఉతికి, వెలుతురుకు పట్టి చిల్లులు లేవని చూసిన తర్వాతే వాడాలి. చిల్లు పడిన గుడ్డను కుట్టి మళ్లీ వాడితే సూది చేసిన రంధ్రాలే కొత్త దారులవుతాయి. ఒక్కసారి వాడి పారేసే నాన్‌వోవెన్ షీట్లకు ఖర్చు ఎక్కువైనా ఈ బెడద ఉండదు. పేపరు, ప్లాస్టిక్ పౌచుల మీద రాసేటప్పుడు పెన్ను ప్లాస్టిక్ వైపే తగలాలి. ప్యాక్ మీద సెట్టు పేరు, తేదీ, ఆటోక్లేవ్ నంబరు, లోడు (ఒకేసారి యంత్రంలో పెట్టిన ప్యాకులన్నీ కలిపి ఒక లోడు) నంబరు, చేసినవారి పొట్టి సంతకం ఉండాలి.

మన ఆసుపత్రుల్లో ఇంకా విరివిగా కనిపించే స్టీలు డ్రమ్ముల గురించి ఒక మాట. డ్రమ్మును అదిమి నింపకూడదు, చెయ్యి సులువుగా దూరేంత ఖాళీ ఉండాలి. లోపల పెట్టేటప్పుడు పక్క రంధ్రాలు తెరిచి ఉండాలి, బయటికి తీయగానే మూయాలి. ఈ రెండోది మరిచిపోవడం చాలా మామూలు. అంతకంటే పెద్ద సమస్య, ఒక డ్రమ్మును ఉదయం తెరిచి సాయంత్రం వరకు నలుగురు రోగులకు అందులోంచి గాజుగుడ్డలు తీయడం. మూత తెరిచిన మొదటిసారితోనే దాని స్టెరిలిటీ ముగిసింది. కేసుకు సరిపడా చిన్న ప్యాకులు వేసుకుంటే డ్రమ్ముల అవసరమే తగ్గిపోతుంది.

ఆటోక్లేవ్ లోపల ఏం జరగాలి

ఆటోక్లేవ్‌ను 1879లో ఫ్రాన్సులో షార్ల్ షాంబెర్లాన్ రూపొందించాడు. ఆనాటి సూత్రమే ఈనాటికీ అమలులో ఉంది. చంపేది ఒత్తిడి కాదు, తేమతో కూడిన వేడి. 100 డిగ్రీలకు మించిన ఆవిరిని పట్టి ఉంచడానికే ఒత్తిడి అవసరం. ఆవిరి చల్లని ఉక్కును తాకి నీరుగా మారేటప్పుడు తనలోని వేడిని దానికి ఇచ్చేస్తుంది. పరికరం ప్రతి ఉపరితలాన్నీ ఆవిరి తాకాలంటే అక్కడున్న గాలి ముందు బయటికి పోవాలి. గాలి మిగిలిపోతే మీటరు మోసం చేస్తుంది. చదరపు అంగుళానికి 15 పౌండ్ల ఒత్తిడి వద్ద గాలి పూర్తిగా పోతే లోపల 121 డిగ్రీలు ఉంటుంది. సగం గాలి మాత్రమే పోతే, ముల్లు అదే 15 మీద నిలిచి ఉన్నా, వేడి 112 డిగ్రీల దగ్గర ఆగిపోతుంది. ఒత్తిడి మీటరు ఒక్కటే ఉండి ఉష్ణోగ్రత మీటరు లేని నిలువు ఆటోక్లేవ్‌లను అందుకే నమ్మడం కష్టం. అటువంటి దానిలో గాలి వాల్వును తెరిచి ఉంచి, ఆవిరి ఆగకుండా ధారగా వచ్చే వరకు, ఆ తర్వాత కూడా కొన్ని నిమిషాల పాటు వదిలి, అప్పుడే మూయాలి.

గాలి దానంతట అదే కిందికి దిగి పోయే సాధారణ ఆటోక్లేవ్‌లో చుట్టిన సెట్టుకు 121 డిగ్రీల వద్ద 30 నిమిషాలు కావాలి. వాక్యూమ్ పంపుతో గాలిని లాగేసే యంత్రంలో 132 నుంచి 134 డిగ్రీల వద్ద 4 నిమిషాలు సరిపోతాయి, అప్పుడు ఒత్తిడి సుమారు 30 పౌండ్లు ఉంటుంది. ఈ నిమిషాలను స్విచ్ వేసినప్పటి నుంచి కాకుండా, లోపల ఆ ఉష్ణోగ్రత చేరినప్పటి నుంచి లెక్కించాలి. సన్నని గొట్టాలున్న పరికరాలు, పెద్ద గుడ్డ మూటలు వాక్యూమ్ యంత్రంలోనే నమ్మకంగా స్టెరైల్ అవుతాయి. గాలి దానంతట పోయే యంత్రంలో గొట్టాలను పెట్టక తప్పకపోతే, పెట్టే ముందు లోపలికి కొద్దిగా డిస్టిల్డ్ నీరు పంపితే అది ఆవిరై గాలిని బయటికి తోస్తుంది.

లోడు వేసే తీరు మీద చాలా ఆధారపడి ఉంటుంది. ఛాంబర్‌ను కిక్కిరిసేలా నింపకుండా నాలుగింట మూడు వంతుల దగ్గర ఆపాలి. ప్యాకులు గోడలను తాకకూడదు, ఒకదానికొకటి ఒత్తుకోకుండా మధ్యలో ఆవిరి పోయే సందు ఉండాలి. గిన్నెలను నీరు నిలవకుండా వాలుగా పెట్టాలి. ఉక్కు, గుడ్డ ఒకే లోడులో పెడితే ఉక్కు కింది అరలో ఉండాలి, లేకపోతే దాని మీద చేరే నీరు గుడ్డ మూటల మీద కారుతుంది.

మధ్యలో కరెంటు పోతే, తిరిగి వచ్చిన తర్వాత మిగిలిన నిమిషాలు మాత్రమే పెట్టి ముగించడం కుదరదు. మొదటి నుంచి పూర్తి సైకిల్ నడపాలి. జనరేటరుకు మారే కొద్ది సెకన్లు కూడా కొన్ని యంత్రాల్లో సైకిల్‌ను రద్దు చేస్తాయి కాబట్టి ఆటోక్లేవ్‌ను ఏ లైను మీద పెట్టారో బయోమెడికల్ ఇంజనీరుతో గానీ ఎలక్ట్రీషియన్‌తో గానీ చూపించుకోవాలి. ఒత్తిడి పూర్తిగా సున్నాకు రాకముందు తలుపు తెరిచే ప్రయత్నం చేయకూడదు. రబ్బరు గాస్కెట్, సేఫ్టీ వాల్వు, మీటర్ల కాలిబ్రేషన్ నిర్ణీత కాలానికి చూపించాలి.

సైకిల్ చివర 20, 30 నిమిషాల ఆరబెట్టే దశను తొందరలో కత్తిరించేస్తుంటారు. తడిగా బయటికి వచ్చిన ప్యాకు, ఇండికేటరు రంగు మారినా సరే, స్టెరైల్ కాదు. తడి గుడ్డ గుండా చేతి మీది, బల్ల మీది సూక్ష్మజీవులు లోపలికి పాకుతాయి. దాన్ని విప్పి, మళ్లీ చుట్టి, మళ్లీ పెట్టాలి. వేడిగా ఉన్న ప్యాకును చల్లని స్టీలు బల్ల మీద గానీ ఏసీ గాలి కింద గానీ పెట్టినా కింద నీరు పట్టి అదే నష్టం జరుగుతుంది. కనీసం అరగంట సేపు దాని రాక్ మీదే, ఎవరూ ముట్టుకోకుండా చల్లారనివ్వాలి. తర్వాత నేలకు 20 సెంటీమీటర్లకు పైన, బయటి గోడకు దూరంగా, పొడిగా ఉండే అల్మారాలో పాతవి ముందుకు, కొత్తవి వెనక్కి పెట్టాలి. తడిసినా, చిరిగినా, కిందపడినా, గడువు తేదీ ఇంకా ఉన్నా సరే, ఆ ప్యాకు గడువు ముగిసినట్టే.

స్టెరైల్ అయిందని ఎలా తెలుస్తుంది

ప్యాకు మీది టేపుపై చారలు నల్లబడడం ఒక్క విషయమే చెబుతుంది, అది ఆటోక్లేవ్‌లోకి వెళ్లి వచ్చిందని. సరైన వేడి సరైన సేపు అందిందో లేదో టేపుకు తెలియదు. అది తెలియాలంటే లోపల పెట్టిన, వేడిని, సమయాన్ని, ఆవిరిని కలిపి పట్టి చూసే ఐదో లేదా ఆరో తరగతి ఇండికేటరును థియేటరులో ప్యాకు విప్పగానే చూడాలి. అది మారకపోతే ఆ సెట్టును వాడకూడదు, సర్జన్ చేతులు కడుక్కుని నిలబడి ఉన్నా సరే. ఆ మాట చెప్పే అధికారం నర్సుకు ఉందని ముందుగానే రాతపూర్వకంగా ఇవ్వడం మంచిది.

వాక్యూమ్ ఆటోక్లేవ్‌కు రోజూ మొదటి లోడుకు ముందు, ఖాళీ ఛాంబరులో, గాలి పూర్తిగా పోతోందో లేదో చూసే బోవీ డిక్ పరీక్ష చేయాలి. 134 డిగ్రీల వద్ద మూడున్నర నిమిషాల తర్వాత పరీక్ష కాగితం అంతటా ఒకే రంగు రావాలి. మధ్యలో లేత మచ్చ మిగిలితే గాలి పూర్తిగా పోవడం లేదని అర్థం, ఆ రోజు ఆ యంత్రాన్ని వాడకూడదు.

అన్నిటికంటే గట్టి సాక్ష్యం బయలాజికల్ ఇండికేటరు. ఆవిరిని బాగా తట్టుకునే జియోబాసిల్లస్ స్టియరోథెర్మోఫిలస్ అనే బాక్టీరియా స్పోర్లున్న చిన్న సీసాను, ఆవిరి చేరడం కష్టమైన చోట, నిండు లోడు మధ్యలో పెట్టి, సైకిల్ తర్వాత సుమారు 55 నుంచి 60 డిగ్రీల ఇంక్యుబేటరులో ఉంచుతారు. మామూలు సీసాలకు 24 నుంచి 48 గంటలు పడుతుంది, గంటల్లో ఫలితమిచ్చేవి కూడా దొరుకుతున్నాయి. అదే బ్యాచికి చెందిన, ఆటోక్లేవ్‌లో పెట్టని మరో సీసాను పక్కనే ఉంచాలి. దానిలో స్పోర్లు పెరిగి రంగు మారితేనే మొదటి సీసా మారకపోవడానికి విలువ. వారానికి ఒకసారైనా, ఇంప్లాంట్లు (శరీరంలోనే ఉంచేసే ప్లేట్లు, స్క్రూల వంటివి) ఉన్న ప్రతి లోడుకూ ఈ పరీక్ష చేయాలి, ఇంప్లాంటును ఫలితం వచ్చే వరకు బయటికి ఇవ్వకూడదు.

లాపరోస్కోపు, ఇంప్లాంటు పెట్టెలు

లాపరోస్కోపు పొట్ట లోపలికి వెళుతుంది కనుక మొదటి వర్గానికి చెందినదే. ఆటోక్లేవ్‌ను తట్టుకోగలదని కంపెనీ ముద్ర ఉన్న స్కోపులను ఆటోక్లేవ్ చేయాలి. ముద్ర లేని వాటికి, తక్కువ వేడిలోనే స్టెరైల్ చేసే ఇథిలీన్ ఆక్సైడ్ గానీ హైడ్రోజన్ పెరాక్సైడ్ ప్లాస్మా గానీ ఉంది. ఇథిలీన్ ఆక్సైడ్ తర్వాత ఆ వాయువు వదిలిపోవడానికి గంటల తరబడి గాలి ఆడించాలి. ప్లాస్మాలో నూలు గుడ్డ, కాగితం పెట్టకూడదు, పరికరం పూర్తిగా పొడిగా ఉండాలి.

ఆచరణలో చాలాచోట్ల జరిగేది మాత్రం 2 శాతం గ్లూటరాల్డిహైడ్ అనే క్రిమిసంహారక ద్రావణంలో నానబెట్టడం. 20 నిమిషాలు లేదా లేబుల్ చెప్పినంతసేపు నానబెడితే లభించేది ఉన్నత స్థాయి డిస్ఇన్ఫెక్షన్ మాత్రమే, స్టెరిలైజేషన్ కావాలంటే సుమారు 10 గంటలు పడుతుంది. యాక్టివేట్ చేసిన ద్రావణం సాధారణంగా 14 రోజులకు మించి పనికిరాదు. ఎక్కువ కేసులు పడితే, తడి పరికరాలు వేసి నీళ్లు కలుస్తూ ఉంటే, అంతకంటే ముందే పలుచబడుతుంది కాబట్టి టెస్ట్ స్ట్రిప్‌తో రోజూ చూడాలి. తీసిన తర్వాత స్టెరైల్ నీటితోనే జాడించాలి. కుళాయి నీటిలోనూ సరిగా మరగని నీటిలోనూ ఉండే ఎటిపికల్ మైకోబాక్టీరియా (క్షయ క్రిమికి దగ్గరి బాక్టీరియా) స్కోపును అంటుకుని, పరికరాలు దూర్చిన పోర్టు రంధ్రాల దగ్గర మొండి పుండ్లు కలిగిస్తాయి. కుట్లు తీసి ఇంటికి పంపిన రోగి నెల గడిచాక బొడ్డు దగ్గర గడ్డతో, ఆగని నీరుతో తిరిగి వస్తే, మామూలు యాంటీబయాటిక్‌లకు తగ్గకపోతే ఈ అనుమానం రావాలి. చికిత్స నెలల తరబడి సాగుతుంది. మన దేశంలో ఇటువంటి పోర్టు ఇన్ఫెక్షన్లు సర్జన్లకు కొత్త కాదు. బ్రెజిల్‌లో ఇటువంటి పెద్ద వ్యాప్తిలో దొరికిన రకం 2 శాతం గ్లూటరాల్డిహైడ్‌ను తట్టుకునేదిగా తేలింది.

ఎముకల ఆపరేషన్లకు ఏజెన్సీలు పంపే ఇంప్లాంటు పెట్టెలు మరో తలనొప్పి. నిన్న ఒక ఊళ్లో వాడిన పెట్టె ఇవాళ రాత్రి మన ఆసుపత్రికి, రేపు ఇంకో చోటికి వెళుతుంది. పైకి మెరుస్తూ వచ్చినా దానిని మురికి పెట్టెగానే భావించి, పరికరాలు, స్క్రూలు, ప్లేట్లు తీసి, ముందు చెప్పిన మూడు తొట్ల పద్ధతిలో పూర్తిగా కడగాలి. అందుకు సమయం కావాలంటే పెట్టె ఆపరేషన్‌కు కనీసం ఒక రోజు ముందు చేరాలని ఏజెన్సీతో ముందే ఒప్పందం చేసుకోవాలి. పెట్టె పెద్దదైతే రెండు ట్రేలుగా విడదీయాలి. 11 కిలోలు దాటిన ట్రే సరిగా ఆరదు. వడ్రంగి వాడే డ్రిల్లు మిషనును గుడ్డలో చుట్టి వాడే పద్ధతికి ఏ సమర్థనా లేదు, ఆటోక్లేవ్ చేయగల ఆర్థోపెడిక్ డ్రిల్లే వాడాలి.

గంటల లెక్క

ఇప్పటివరకు చెప్పినవన్నీ తెలిసినవారు కూడా తప్పు చేసేది సమయం చాలనప్పుడు. సాధారణ ఆటోక్లేవ్‌తో ఒక సెట్టుకు కడగడం, పరీక్షించడం, చుట్టడం 50 నిమిషాలు, వేడెక్కడం 20, సైకిల్ 30, ఆరడం 30, చల్లారడం 30 అనుకుంటే 2 గంటల 40 నిమిషాలు. ఒక్క సిజేరియన్ సెట్టు ఉన్న ఆసుపత్రి, అది తిరిగి వచ్చేలోపు రెండో కేసు పెట్టుకుంటే ఏదో ఒక దశ కత్తిరింపుకు గురికాక తప్పదు.

కుటుంబ నియంత్రణ శిబిరాల్లో ఈ లెక్క ఇంకా కఠినం. ఒక సర్జన్ బృందం మూడు లాపరోస్కోపులతో రోజుకు 30 ఆపరేషన్లకు మించి చేయకూడదని కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు పరిమితి పెట్టాయి. స్కోపును కడిగి, ఆరబెట్టి, 20 నిమిషాలు నానబెట్టి, జాడించడానికి 40 నిమిషాలు, వాడకానికి 10 నిమిషాలు వేసుకుంటే, మూడు స్కోపులతో 30 కేసులు పూర్తి కావడానికి ఏడున్నర గంటలు దాటాలి. అదే సంఖ్య మధ్యాహ్న భోజనం వేళకు పూర్తయిందంటే నానబెట్టే నిమిషాలు ఎక్కడికి పోయాయో ఎవరైనా లెక్క కట్టవచ్చు. 2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో జరిగిన శిబిరంలో 34 మంది మహిళలకు ఆపరేషన్లు జరిగాయి, తర్వాతి రోజుల్లో వారిలో నలుగురు మరణించారు. ఆపరేషన్ల జాబితా రాసేవారు, బీరువాలో ఎన్ని సెట్లున్నాయో, ఎన్ని స్కోపులున్నాయో ముందు చూసి, ఆ సంఖ్యను బట్టి జాబితా రాయాలి.

పరీక్ష విఫలమైనప్పుడు

బయలాజికల్ ఇండికేటరులో స్పోర్లు పెరిగినట్టు కనిపిస్తే వెంటనే ఆ ఆటోక్లేవ్‌ను ఆపి, దాని మీద చీటీ అతికించాలి. లోడు ఎక్కువైందా, సైకిల్ తప్పుగా ఎంచుకున్నారా, గాస్కెట్ కారుతోందా అన్నవి చూడాలి. చివరిసారి పరీక్ష బాగున్న రోజు నుంచి ఆ యంత్రంలో చేసిన ప్యాకులన్నింటినీ, అల్మారాలో, థియేటరులో, వార్డులో, ప్రసూతి గదిలో ఎక్కడున్నా, వెనక్కి తెప్పించి కడగడం దగ్గర నుంచి మళ్లీ చేయాలి. కొన్ని మార్గదర్శకాలు ఇంప్లాంట్లు తప్ప మిగతావాటికి ఇంత కఠినంగా ఉండనక్కర్లేదంటాయి. వారానికి ఒక్కసారే పరీక్ష జరిగే చిన్న ఆసుపత్రికి కఠినమైన మార్గమే క్షేమం.

ఈ రీకాల్ సాధ్యం కావాలంటే లోడు నంబరు రెండు చోట్ల ఉండాలి, ఆటోక్లేవ్ రిజిస్టరులో, రోగి కేస్ షీటులో. ప్యాకు మీది లేబులును విప్పేటప్పుడు చించి పారేయకుండా కేస్ షీటులో అతికించడం అందుకే. అప్పటికే ఆ లోడు వాడిన రోగుల పేర్లు కేస్ షీట్ల నుంచి తీసి సర్జనుకు ఇవ్వాలి, వారిని మళ్లీ పిలిపించి గాయం చూడాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. మరమ్మతు తర్వాత వరుసగా మూడు ఖాళీ సైకిళ్లలో బయలాజికల్ పరీక్ష, వాక్యూమ్ యంత్రమైతే దానితో పాటు మూడు బోవీ డిక్ పరీక్షలు బాగా వచ్చే వరకు ఆ యంత్రంలో రోగికి వాడే ఏ సెట్టూ పెట్టకూడదు. ఆ రోజుల్లో అత్యవసర కేసుల సెట్లను ఏ దగ్గరి ఆసుపత్రిలో చేయించుకోవాలో, వాటిని ఏ మూత పెట్టెలో తీసుకువెళ్లి తీసుకురావాలో ముందే మాట్లాడుకుని, ఆ ఫోన్ నంబరును ఆటోక్లేవ్ గదిలోనే రాసి పెట్టుకోవాలి.